పలుపు మీద ముప్ఫై రెండు పేజీలు

ఆ మంగళవారానికి లోకనాథ్ వేసుకున్న ప్రణాళికలో ఆవు ఎక్కడా లేదు. పొద్దున ఆరున్నరకు మదనపల్లెలో బస్సెక్కాలి. పుంగనూరు బస్టాండులో పిల్లనిచ్చిన మామ పాపన్న చేతి నుంచి ఒక పాత పలుపు, అంటే పశువు మెడకు కట్టే తాడు, అందుకోవాలి. ఎనిమిది గంటల బస్సులో కుప్పం చేరాలి. పదకొండున్నరకు సాహిత్య సదస్సులో పత్రం చదవాలి. చప్పట్లు కొట్టించుకుని, భోంచేసి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. ఇంత చక్కగా లెక్క వేసుకున్నవాడికి ఏదో ఒకటి కాక మానదని పెద్దలెవరూ అతనికి చెప్పలేదు కాబోలు.

పత్రం చదవడం సరదా వ్యవహారం కాదు. లోకనాథ్ మదనపల్లెలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరరు. పెళ్ళయిన ఏడాదే పిహెచ్‌డిలో చేరాడు. ఆ తర్వాత పుట్టిన కూతురు మూడో తరగతికి వచ్చింది గాని, పిహెచ్‌డి మాత్రం రెండో అధ్యాయం దాటలేదు. గడువు రెండుసార్లు పొడిగించారు. మూడోసారి గైడు మధుసూదన్ గారు ఫోనులో మొహమాటం లేకుండా చెప్పేశారు. "ఈ నెలాఖరుకి నీ రిజిస్ట్రేషన్ పోతాది లోకనాథ్. కుప్పంలో అందరూ నోరెళ్ళబెట్టే పత్రం ఒకటి చదువు. కమిటీలో ఉండే కుమారి మేడమే ఆ రోజు అధ్యక్షురాలు. ఆమె ఊ అంటే ఇంకో ఏడాది వస్తాది. లేదంటే ఎనిమిదేండ్ల చాకిరీ గంగలో కలిసినట్టే."

లోకనాథ్ ఎంచుకున్నది ఒక పాత పత్రికలో దొరికిన కథ. రచయిత పేరున్న పేజీని చెదపురుగులు ముందే చదివేశాయి కనుక ఎవరు రాశారో తెలియదు. కథ చాలా చిన్నది. కరువు కాలంలో బయ్యమ్మ అనే ముసలామె తన ఆవును సంతలో అమ్ముతుంది. కొన్నవాడు తోలుకుపోయేముందు, ఆవు మెడలోని పలుపును ఊడదీసి భుజాన వేసుకుని ఇంటికి నడిచి వస్తుంది. కొట్టంలో కొయ్యకు దాన్ని తగిలిస్తుంది. అంతే, కథ అయిపోతుంది.

కథ నాలుగు పేజీలు. అందులోని పలుపు మీద లోకనాథ్ రాసింది ముప్ఫై రెండు. మూడో పేజీలో పలుపు బానిసత్వం. తొమ్మిదో పేజీకి అది తల్లీబిడ్డల పేగు. పదిహేడో పేజీలో భూస్వామ్య వ్యవస్థ. ముప్ఫయ్యో పేజీకి వచ్చేసరికి ఉరితాడు; బయ్యమ్మ ఆ రాత్రే ప్రాణం తీసుకుంటుంది. కథలో కాదు, లోకనాథ్ పత్రంలో. ఆ పేజీ రాసిన రోజు అతనికి కన్నీళ్ళు ఆగలేదు. మధుసూదన్ గారు కూడా మెచ్చుకుని, "స్లైడులు అందరూ వేస్తారు. నువ్వు నిజం పలుపే తెచ్చి బల్ల మీద పెట్టు. బాగా వాడిన పాతది" అని సలహా ఇచ్చారు.

లోకనాథ్‌కి పలుపు ఎక్కడ దొరుకుతుందో తెలియదు. వాళ్ళ నాయన గవర్నమెంటు ఆఫీసులో అటెండరు. పుట్టింది, పెరిగింది క్వార్టర్సులో. పాలంటే అతనికి ప్యాకెట్టే. అదృష్టవశాత్తు భార్య అర్చన వాళ్ళది పెద్దపంజాణి పక్క పల్లె, పశువులు మేపుకునే ఇల్లు. ముందురోజే ఆమె ఫోను చేసి చెప్పింది. "నాయనా, మీ అల్లుడికి ఒక పలుపు గావాలంట. రేప్పొద్దున పుంగనూరికి తెచ్చిస్తావా?" అవతల పాపన్న ముందు భార్యను కేకేసి పిలిచాడు. తర్వాత, "తెస్తానమ్మా! యాల తేను, ఎందుకు తేను!" అన్నాడు, పండగ కబురు విన్నట్టు. పాతదని చెప్పడం మరిచిపోయిన అర్చనకు, తాడు కోసం ఇంత ఉద్వేగమెందుకో అప్పుడు తట్టలేదు.

బయల్దేరేముందు అర్చన, "ఆ కత నేనూ చదివినా. ఆయమ్మ పలుపు తెచ్చుకునింది ఎందుకంటే..." అని మొదలుపెట్టింది. అర్చన లెక్కల టీచరు. "ఇది నీకు తెలిసే సంగతి కాదులే. ప్రతీకాత్మకం" అని లోకనాథ్ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

పుంగనూరు బస్టాండులో పాపన్న తెల్లపంచె కట్టుకుని, పెళ్ళికి వచ్చినవాడిలా నిలబడి ఉన్నాడు. చేతిలో పలుపు ధగధగలాడుతోంది. కొత్తది. రెండు చివర్లా పసుపు, నడుమ కుంకుమ, కొసన చిన్న కంచు గంట.

"మామా, ఇది కొత్తది గదా! నేను పాతది అడిగినాను."

"పాతదేందప్పా, శుభమా అని పోతా! కొనేదానికి పొయ్యేటోడు కొత్త పలుపే ఎత్తుకోని పోవాల. పసుపు మీ అత్త పూసింది. గంట నేను కట్టినా."

"కొనేదేంది మామా?"

"ఆవును!"

"నేను ఆవును కొనేదానికి పోవడం లేదు. పత్రం చదవడానికి పోతాండాను."

పాపన్న అటూ ఇటూ చూసి, అల్లుడి చెవి దగ్గరికి వంగాడు. "అంతే. అట్లే చెప్పాల. బేరం కుదిరేదాకా ఎవురికీ చెప్పగూడదు. దిష్టి తగుల్తాది."

"నిజంగా కాదు మామా!"

"నాకు గూడా చెప్పొద్దంటాండా! టౌనులో పుట్టినా నీకు పద్ధతి తెలుసప్పా."

కాదన్న కొద్దీ అవునని గట్టిపడే సంగతులు లోకంలో కొన్ని ఉంటాయి. లోకనాథ్ దండం పెట్టేసి పలుపును భుజాన వేసుకున్నాడు. కొనేవాడు కొత్తది ఎందుకు తీసుకుపోవాలి మామా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. అడగలేదు. అతని బుర్ర అప్పటికే కొత్త పలుపుకు కొత్త అర్థం వెతుకుతోంది. ప్రతీకలతో ఉన్న సుఖమే అది, అవి ఎదురు తిరగవు. పాతదైతే తరతరాల బానిసత్వం. కొత్తదైతే నయా బానిసత్వం. పసుపు మతం. గంట మార్కెట్టు. ఇంకో రెండు పేజీలు పెంచొచ్చునని అతనికి హుషారు వచ్చింది.

"ఒట్టి కడుపుతో పోగూడదు. నాలుగు ఇడ్లీ కట్టించుకోనొస్తా, ఈడే ఉండు" అని పాపన్న హోటల్లోకి పోయాడు. ఆ పది నిమిషాల్లోనే కొంప మునిగింది.

ఆ రోజు సంత. బస్టాండు చుట్టూ పశువులు, మనుషులు, వాళ్ళ మధ్య దళారి లక్ష్మీపతి. ముప్ఫై ఏళ్ళ అనుభవంలో అతను మొహాలు చూడటం మానేశాడు, భుజాలే చూస్తాడు. కొత్త పలుపు, పసుపు, గంట. ఇస్త్రీ చొక్కా. ఇంతకంటే పెద్ద బోర్డు ఏం కావాలి?

"యాడికి సార్ పోతాండారు?"

"కుప్పానికి."

"కుప్పందాకా యాల సార్, పుంగనూరులో లేనట్టు? ఆడ సూడండి." గోడవారగా కట్టేసిన ఎర్రటి పొట్టి ఆవును గడ్డంతో చూపించాడు. "ఎట్లుండాది?"

లోకనాథ్ మర్యాదస్తుడు. ఎవరైనా తమ ఆవును చూపిస్తే బాగాలేదని ఎలా అంటాడు? "బాగుండాది. ముద్దుగా ఉండాది" అన్నాడు.

వెంటనే లక్ష్మీపతి చెయ్యి చాచాడు. లోకనాథ్ కరచాలనమనుకుని పట్టుకున్నాడు. లక్ష్మీపతి భుజం మీది టవాలు తీసి రెండు చేతుల మీదా కప్పాడు. ఇదేదో ఈ ఊరి గౌరవం కాబోలు, శాలువా లాంటిది, అనుకున్నాడు లోకనాథ్. పశువుల బేరంలో ధరను టవాలు కింద వేళ్ళతోనే చెప్పుకుంటారని అతనికేం తెలుసు? టవాలు కింద నాలుగు వేళ్ళు ఒత్తుకున్నాయి. అతను ఆప్యాయంగా రెండు వేళ్ళు తిరిగి ఒత్తాడు.

"అయ్యో సార్! నా కడుపు కొట్టొద్దండి."

ఈయనకేదో కడుపునొప్పి ఉన్నట్టుందని లోకనాథ్ జాలిగా చూశాడు. ఏమనాలో తోచక ఊరుకున్నాడు. బస్సు గుర్తొచ్చి గడియారం చూసి నిట్టూర్చాడు. చెయ్యి మెల్లగా లాక్కోబోయాడు. లక్ష్మీపతి గట్టిగా పట్టుకున్నాడు. మళ్ళీ వేళ్ళు. మళ్ళీ నిట్టూర్పు. చుట్టూ నలుగురు చేరారు. చివరికి లక్ష్మీపతి నుదుటి చెమట తుడుచుకుని, "సరే సార్, మీ మాటే నెగ్గనీ. సంతోషమేనా?" అన్నాడు.

"సంతోషమే" అన్నాడు లోకనాథ్, చెయ్యి తిరిగొస్తే చాలుననుకుని.

"మాట తప్పగూడదు. కుప్పంలో యాడికి రావాల?"

లోకనాథ్ మనసు పులకరించింది. ఇంత ప్రేమగా చెయ్యి పట్టుకున్నాడు, ఇప్పుడు సదస్సుకే వస్తానంటున్నాడు! సంతలో కూడా సాహిత్య విమర్శ మీద ఇంత ఆసక్తి ఉందని ఏ ప్రొఫెసరుకైనా తెలుసా? జేబులోంచి ఆహ్వాన పత్రిక తీసి ఇచ్చాడు. "పదకొండున్నరకు. తప్పకుండా రండి. మీలాంటోళ్ళు వస్తేనే శోభ."

"వస్తా సార్. బయానా గూడా వద్దు, సదువుకున్నోళ్ళ మాటే చాలు" అన్నాడు లక్ష్మీపతి, గూడ్సు ఆటో కోసం చూస్తూ.

కుప్పం బస్సులో లోకనాథ్ కిటికీ పక్కన కూర్చుని పత్రం నెమరు వేసుకున్నాడు. పలుపు ఒళ్ళో ఉంది. పక్కనే ఇడ్లీ పొట్లంతో పాపన్న; మంచి ఆవును ఎంచడం అల్లుడొక్కడి వల్ల కాదని తానూ బస్సెక్కేశాడు. బస్సు కుదిపినప్పుడల్లా గంట మోగింది. గంట మోగినప్పుడల్లా ఎవరో ఒకరు వెనక్కి తిరిగారు.

"ఎన్నో ఈతది కొంటాండావు నాయనా?" అని గంగవరంలో ఎక్కిన నాగమ్మ అనే పెద్దావిడ అడిగింది.

"నేనేమీ కొనడం లేదమ్మా."

పాపన్న ఆమెకు కన్ను గీటాడు. నాగమ్మకు అర్థమైంది. "కొనొద్దులే నాయనా, కొనొద్దు" అని తల నిమిరి, "తోక కొస నల్లగా ఉండేదాన్ని కొనొద్దు" అని చేర్చింది. దాంతో బస్సంతా పుంజుకుంది. పలమనేరు చేరేలోగా పొదుగు ఎలా ఉండాలి, సుడి ఎక్కడ ఉండకూడదు, పండ్లు ఎలా లెక్కపెట్టాలి అని ఒక్కొక్కరూ చెప్పారు. కుప్పంలో దిగేటప్పుడు కండక్టరు, "దూడను గూడా అడగండి సార్, ఇడిసిపెట్టొద్దు" అన్నాడు. ఈ జిల్లాలో అందరికీ ఒకేసారి మతి పోయిందని లోకనాథ్ తేల్చుకున్నాడు.

సదస్సు హాల్లో వంద కుర్చీలు, హాజరు కోసం తోలుకొచ్చిన డెబ్భై మంది పిల్లలు. వేదిక మీద కుమారి మేడమ్. ఇరవై ఏళ్ళలో ఎవరి పత్రాన్నీ బాగుందని అనని మనిషి ఆమె. మొదటి వరసలో ఎవరూ కూర్చోరు గనుక పాపన్న దర్జాగా అక్కడే కూర్చున్నాడు. పత్రం అయ్యాక సంతకు పోతారని అతని నమ్మకం.

లోకనాథ్ పలుపును బల్ల మీద పరిచి మొదలుపెట్టాడు. బయ్యమ్మ ఆవును అమ్మిన చోట పాపన్న "అయ్యో పాపం" అన్నాడు. పలుపు ఊడదీసుకున్న చోట "అద్దీ! గట్టి మనిషి" అని తొడ చరిచాడు. శ్రోతలు ఇంతగా లీనమవడం లోకనాథ్ ఎన్నడూ చూడలేదు. గొంతు పెంచాడు. బానిసత్వం, పేగు, భూస్వామ్యం దాటుకుంటూ ముప్ఫయ్యో పేజీకి వచ్చాడు. కుమారి మేడమ్ కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది. మధుసూదన్ గారు వెనకనుంచి బొటనవేలు ఎత్తి చూపించారు.

"కొయ్యకు వేలాడే ఆ పలుపు, బయ్యమ్మ మెడ కోసం ఎదురుచూసే ఉరితాడు. రచయిత రాయని ఆ చివరి రాత్రి..."

"ఓ అల్లుడా, ఆగాగు!" పాపన్న లేచి నిలబడ్డాడు. "ఆయమ్మ యాల సచ్చిపోయింది?"

"మామా, కూర్చో మామా."

"కూర్చునేది తర్వాత. బాగుండే మనిషిని పట్టుకోని సంపేస్తివే! ఆవును అమ్మినోళ్ళు పలుపు ఇస్తారా యాడన్నా? పలుపు పోతే కొట్టంలో లచ్చిమి గూడా దాని ఎంబడే పోతాది. అందుకే గదా కొనేవోడు కొత్తది తెచ్చుకునేది! ఆవు పోయినా పలుపు ఇంట్లో ఉండాదంటే ఏమని? ఈ పొద్దు కాకపోతే రేపు, ఇంకో ఆవును కట్టుకుంటాననీ. అందుకే కొయ్యకు తగిలిచ్చింది. సచ్చేదానికి కాదు నాయనా, బతికేదానికి! మా ఇండ్లల్లో పసిబిడ్డనడిగినా చెప్తాది."

లోకనాథ్‌కి చెవులు ఎర్రబడ్డాయి. పాపన్న మాట చెవిన పడగానే నాలుగు పేజీల కథ అతని కళ్ళ ముందు మళ్ళీ మొదటినుంచీ నడిచింది. భుజాన పలుపుతో నడిచొచ్చే ముసలామె ఏడవడం లేదు. కథలో ఎక్కడా ఏడవలేదు కూడా. ఎనిమిదేళ్ళ చదువు ఇది, దీన్ని పట్టుకోలేకపోయానే అని అతనికి నిజంగానే గుండె కలుక్కుమంది.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర "అంబా" అని వినిపించింది.

ఎర్రటి పొట్టి ఆవు కుర్చీల మధ్యనుంచి నింపాదిగా నడిచి వచ్చింది. వెనక లక్ష్మీపతి, చేతిలో ఆహ్వాన పత్రిక. నిద్రపోతున్న డెబ్భై మందీ ఒక్కసారిగా లేచారు. వాచ్‌మన్ అడ్డుపడ్డాడు గాని, పత్రికలో 'అందరూ ఆహ్వానితులే' అని ఉందని లక్ష్మీపతి చూపించాడట.

"టైముకు వస్తినా సార్? మీ ఆవు. పలుపు తెండి, నాది ఊడదీసుకోవాల."

లక్ష్మీపతి బల్ల మీది కొత్త పలుపును తీసి ఆవు మెడకు కట్టాడు. మాసిపోయిన తన పాత పలుపును ఊడదీసి, దులిపి, భుజాన వేసుకున్నాడు. ఇంక ఎవరికీ ఏ వివరణా అక్కర్లేకపోయింది. వెనక వరసలో ఒక పిల్ల "బయ్యమ్మ!" అని గట్టిగా అనేసింది. చప్పట్లు మోగాయి.

కుమారి మేడమ్ చెయ్యెత్తి చప్పట్లు ఆపింది. "లోకనాథ్ గారూ, ఇది మీరు ముందే అనుకుని చేసిన ప్రదర్శనేనా?"

ఆమె వెనక మధుసూదన్ గారు 'అవునను, అవునను' అని మెడ విరిగేలా తల ఊపుతున్నారు. ఒక్క మాట చాలు, ఏడాది గడువు చేతిలో పడుతుంది. లోకనాథ్ మామ వైపు చూశాడు. పాపన్న లోకాన్ని మరిచిపోయి ఆవు నోరు తెరిచి పండ్లు లెక్కపెడుతున్నాడు. ఆ మొహంలోని సంతోషం ముందు అబద్ధం గొంతు దాటి రాలేదు.

"లేదు మేడమ్. ఈ ఆవు ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. కథ కూడా తెలియలేదని ఇప్పుడే తెలిసింది. మా మామ చెప్పిందే నిజం. బయ్యమ్మ చావలేదు. నేనే చంపాను."

కుమారి మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అయిపోయింది, రేపటినుంచి నా పేరు ముందు డాక్టరు అనే మాట కలలో కూడా రాదు అనుకున్నాడు లోకనాథ్.

"ఇరవై ఏళ్ళుగా ఇలాంటి సదస్సుల్లో కూర్చుంటున్నాను" అందామె. "'నేను తప్పు చదివాను' అని ఒప్పుకున్న విమర్శకుణ్ణి ఇవాళే చూశాను. మీకు ఏడాది గడువు నేను ఇప్పిస్తాను. కానీ రాసిందంతా పక్కన పడేసి, ఈ పెద్దాయన కొట్టంలో కూర్చుని మొదటినుంచీ రాయాలి."

"నేను మొదట్నుంచీ అదే చెప్తాండా మేడమ్" అన్నారు మధుసూదన్ గారు.

ఆ తర్వాత మైకు పాపన్న చేతికి పోయింది, ముక్కాలు గంట తిరిగి రాలేదు. మధ్యాహ్నం పత్రం చదవాల్సిన ఒకాయన లేచి, తనది మడిచి జేబులో పెట్టుకుని, కడుపులో బాగాలేదని వెళ్ళిపోయాడు. ఆయన పత్రం ఒక నవలలోని మేకపిల్ల మీద.

భోజనాల దగ్గర సంగతంతా బయటపడింది. లోకనాథ్ తల పట్టుకున్నాడు. పాపన్న మాత్రం లక్ష్మీపతి చెయ్యి పట్టుకుని, టవాలు కప్పి, కుదిరిన ధర ఎంతో వేళ్ళతో అడిగి తెలుసుకుని కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇంత తక్కువకా! ఈ బేరం ఎవురు చేసినారు?"

"ఇంకెవురు, మీ అల్లుడే! నోరు ఇప్పలేదన్నా. గడియారం సూసేది, నిట్టూర్చేది. ముప్పై ఏండ్లలో ఇంత గట్టి పిండాన్ని నేను సూడలేదు."

"దుడ్డు సంగతి నేను సూసుకుంటా. ఆవు నీది, మేపేది నేను" అని పాపన్న అల్లుడి వీపు చరిచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మామ తనని అంత గౌరవంగా చూడటం అదే మొదలు. లోకనాథ్‌కి సిగ్గుతో పాటు కొంచెం గర్వం కూడా కలిగింది.

తిరుగు ప్రయాణం గూడ్సు ఆటోలో, ఆవు పక్కనే. దారిలో అర్చన ఫోను చేసింది. "ఆవును కొన్నావంట గదా? మాయమ్మ ఊరంతా చెప్పేసింది. ఈ రెండో అంతస్తుకు ఎట్లెక్కిస్తావు?"

"మీ నాయన కాడే ఉంటాది. పొద్దున నువ్వేదో చెప్పబోయినావు గదా, ఇంటికొచ్చి వింటాలే" అన్నాడు లోకనాథ్ తగ్గిన గొంతుతో. అవతల అర్చన పకపకా నవ్వింది.

పలమనేరు దగ్గరపడుతుండగా పాపన్న ఉన్నట్టుండి, "అది సరే గాని అల్లుడా, బయ్యమ్మ మళ్ళా ఆవును కొనుక్కునిందా లేదా?" అన్నాడు.

"కథలో లేదు మామా."

"బిడ్డలెంతమంది ఆయమ్మకు?"

"అది కూడా లేదు."

"వానలు పడినాయా?"

"చెప్పలేదు మామా."

పాపన్న ఆవు గంగడోలు నిమిరి, అల్లుడి వైపు తిరిగాడు. "మరి ఇన్నేండ్లూ నువ్వు ఏం చదివినావప్పా?"

ఆ ప్రశ్నకు జవాబు రాయడానికే విశ్వవిద్యాలయం లోకనాథ్‌కి ఇంకో ఏడాది గడువిచ్చింది.